మా పెళ్లి మీద అనుమానమున్న ఐ-130 గారికి

అయ్యా,

పర్లాకిమిడి నుంచి నమస్కరించి రాయునది. మా ఆయన నన్ను అమెరికా తీసుకెళ్లడానికి పెట్టిన దరఖాస్తు ఫారం మీరేగా. మేమిక్కడ క్షేమం. మీ క్షేమం అడగక్కర్లేదు. 2024 ఏప్రిల్ నుంచి మీ ఫీజు ఆన్‌లైన్‌లో 625 డాలర్లు, కాగితం మీదైతే 675.

మా ఆయన అమెరికా పౌరుడు, అంటే పిటిషనర్. నేను బెనిఫిషియరీని. మా ఊళ్లో ఆ మాట రేషను బియ్యం తీసుకునేవాళ్లకి వాడతారు. పెళ్లాన్ని లబ్ధిదారు అనడం మీ దగ్గరే చూశాను.

పెళ్లి నిజమేనని రుజువడిగారు. నాలుగొందల మంది భోంచేశారండీ. పప్పులో ఉప్పెక్కువైందని మా పెద్ద మావయ్య ఇప్పటికీ సాధిస్తున్నాడు. దొంగ పెళ్లైతే ఉప్పు గురించి ఇన్నాళ్లు ఎవరు మాట్లాడతారు? అది లెక్కలోకి రాదట. ఇద్దరి పేరనా బ్యాంకు ఖాతా, ఇంటి అద్దె కాగితం ఉంటే మంచిదట. ఆయన న్యూజెర్సీలో, నేను మహేంద్రతనయ ఒడ్డున. ఒకే ఇంట్లో ఉండగలిగితే మీతో పనేముంది?

సరే, ఫొటోలు పెడదామని ఆల్బమంతా తిరగేశాను. జీలకర్రా బెల్లం దగ్గర మా ఇద్దరి మధ్య మేనత్త తల. తలంబ్రాల దగ్గర పంతులుగారి చెయ్యి. ఇద్దరమే ఉన్నది ఒక్కటి దొరికింది, అప్పగింతలప్పటిది. అందులో వెక్కివెక్కి ఏడుస్తున్నాను. అది పంపితే బలవంతపు పెళ్లనుకుంటారని వదిన భయం.

చాటింగులూ జత చేశాం. ‘ఏం కూర?’ ‘ఆనపకాయ.’ ‘మళ్లీనా?’ పదిహేడు నెలలుగా ఇదే.

ఇక నా పేరు. 1936లో ఒడిశా ఏర్పడి మా ఊరు అటు పోయినప్పుడు గిడుగు రామమూర్తి గారు రాజమండ్రి వెళ్లిపోయారు. మా ముత్తాత మాత్రం కొబ్బరిచెట్లు వదల్లేక ఉండిపోయాడు. ఆ చెట్ల ఫలం ఇప్పుడు నాకు దక్కింది. ఒడియా రాతలో ‘వ’ కాస్తా ‘బ’ అవుతుంది: వాసు బాసు, వెంకట బెంకట. నా జనన ధ్రువపత్రంలో ఒక మనిషి, పాస్‌పోర్టులో ఇంకో మనిషి. ఆ ఒడియా కాగితానికి ఇంగ్లిషు అనువాదం, అనువదించినవాళ్ల హామీ సంతకం, ఇద్దరూ నేనేనని అఫిడవిట్! పాతపట్నం వెళ్లి పూలు కొనుక్కొస్తే రాష్ట్రం దాటినట్టే, అక్కడ మాత్రం ఎవరూ ఏమీ అడగరు.

మీ తమ్ముడు ఐ-864, అంటే నన్ను పోషిస్తానని మా ఆయన ఇచ్చే హామీ పత్రం, కూడా తక్కువవాడు కాదు. మా ఆయన సంపాదన పేదరికపు గీతకి 125 శాతమైనా ఉండాలట. సంతకం పెట్టాక నేను పౌరురాలినయ్యేదాకా, లేదంటే 40 త్రైమాసికాల పని లెక్క తేలేదాకా నన్ను పోషించే పూచీ ఆయనదే. విడాకులిచ్చినా తీరదట! ఇది విని మా నాన్న, ‘ముందే తెలిస్తే మూడు ముళ్లు మానేసి ఈ సంతకమే పెట్టించేవాణ్ణి’ అన్నారు.

అసలు సంగతేమిటంటే, అమెరికాలో కాలుపెట్టేనాటికి పెళ్లై రెండేళ్లు నిండకపోతే ఇచ్చేది రెండేళ్ల గ్రీన్‌కార్డు. అది అయిపోయేలోగా ఐ-751 అనే ఇంకో ఫారం వచ్చి, ఈ పెళ్లి నిజమేనా అని మళ్లీ మొదలెడుతుంది. మీరు ఇంకో ఏడు నెలలు నానిస్తే నేరుగా పదేళ్ల కార్డే. అందుకని ‘తొందరేం లేదు, మెల్లగా చూడండి’ అని రాద్దామనుకున్నాను.

నిన్న రాత్రి మా ఆయన వంట ఫొటో పంపారు. ఉప్మా అట. గిన్నె అడుగు నల్లగా ఉంది, గరిటె అందులోనే ఇరుక్కుంది.

రుజువు కింద అదీ జతపరిచాను. కాస్త త్వరగా చూడండి.

ఇట్లు,
లబ్ధిదారు