కంప్యూటర్ మార్చే ముందు ఎర్త్ వైరు చూడండి

పాత స్పోర్ట్స్ కారు వేడెక్కాక ఆగిపోతోందనో, ఒకరోజు స్టార్టయి ఇంకోరోజు మొండికేస్తోందనో చెప్పి చూడండి, మొదట వినిపించే మాట ఒకటే, "కంప్యూటర్ పోయినట్టుంది." అంటే ఇంజిన్‌కి ఎంత పెట్రోలు పోయాలో తేల్చే ఎలక్ట్రానిక్ పెట్టె అన్నమాట. యజమాని నానా తంటాలు పడి వేరే కారులోంచి తీసిన కంప్యూటర్ తెచ్చి పెట్టిస్తాడు, రెండు రోజులు బాగానే తిరుగుతుంది, మూడో రోజు మళ్లీ అదే కథ. ఆ రెండు రోజులూ ఎందుకు బాగుందో మాత్రం ఎవరూ అడగరు. మార్చేటప్పుడు కనెక్టర్ పీకి మళ్లీ గట్టిగా నొక్కారు కదా, పిన్నుల మీద పేరుకున్న చిలుము ఆ రాపిడికి కాస్త గీసుకుపోయింది. బాగుపడింది కనెక్టర్, పేరు కంప్యూటర్‌కి.

1980లు, 90ల నాటి కార్లలో కంప్యూటర్‌ని అన్నిటికంటే చివర అనుమానించాలి అన్నది నా గట్టి అభిప్రాయం. చాలా కార్లలో ఆ పెట్టె క్యాబిన్ లోపల నీడపట్టున ఉంటుంది. వైర్లు, కనెక్టర్లు, ఎర్త్ (కరెంటు బ్యాటరీకి తిరిగి వెళ్లే దారి) బోల్టులు మాత్రం ఇంజిన్ పక్కనే వేడికి, తడికి, నూనెకి, అదురుకి ముప్పై ఏళ్లకు పైగా ఓర్చుకున్నాయి. ముందు ఏది చెడుతుందో ఊహించడం కష్టమేమీ కాదు.

మరి కోడ్ (తప్పు దొరికితే కంప్యూటర్ రాసుకునే నంబరు) చూపిస్తోంది కదా అంటారు. కోడ్ అంటే కంప్యూటర్‌కి కనిపించింది, అంతే, జరిగింది అదేనని కాదు. అమెరికాలో 1996 నుంచి అన్ని కొత్త కార్లకూ ఓబీడీ-2 అనే ఒకే రకం తనిఖీ పద్ధతి తప్పనిసరి అయ్యాక ఒకే స్కానర్ అన్నిటికీ పనికొస్తోంది గానీ, అంతకు ముందు ఎవరి పద్ధతి వాళ్లదే. 1984లో వచ్చిన నాలుగో తరం షెవ్రొలే కార్వెట్‌నే తీసుకోండి. కీ ఆన్‌లో పెట్టి, ఇంజిన్ స్టార్ట్ చేయకుండా, డ్యాష్‌బోర్డ్ కింద ఉన్న కనెక్టర్‌లో ఏ, బీ పిన్నులను వైరు ముక్కతో కలిపితే చెక్ ఇంజిన్ లైట్ ఒకసారి వెలిగి, కాస్త ఆగి, రెండుసార్లు వెలుగుతుంది. అది 12. డిస్ట్రిబ్యూటర్ (స్పార్క్ ప్లగ్గులకు కరెంటు పంచేది) నుంచి, ఇంజిన్ తిరుగుతోందని చెప్పే పల్స్ రావట్లేదని దాని అర్థం. ఇంజిన్ ఆగి ఉంది కాబట్టి రాకపోవడమే సరైనది, పైగా డయాగ్నోసిస్ పనిచేస్తోందనడానికి అదే గుర్తు. ఈ సంగతి తెలియనివాళ్లు డిస్ట్రిబ్యూటరే పోయిందని టెన్షన్ పడతారు.

కోడ్ అసలు రాని తప్పులైతే ఇంకా ఇబ్బంది. ఇదే కారులో కూలెంట్ టెంపరేచర్ సెన్సార్ రెసిస్టెన్స్ ఇంజిన్ చల్లగా 20 డిగ్రీల దగ్గర ఉన్నప్పుడు దాదాపు 3,400 ఓమ్స్, 100 డిగ్రీల దగ్గర 200 కంటే తక్కువ. ఇప్పుడు కనెక్టర్‌లో చిలుము పట్టి ఇంకో 1,000 ఓమ్స్ కలిసిందనుకోండి, ఇంజిన్ మరుగుతున్నంత వేడిగా ఉన్నా కంప్యూటర్‌కి కనిపించేది 45 డిగ్రీలు. నమ్మదగ్గ అంకే కాబట్టి కోడ్ వేయదు. ఇంజిన్ ఇంకా వేడెక్కలేదనుకుని పెట్రోలు ఎక్కువ పోస్తుంది, పొగ నల్లగా వస్తుంది, మైలేజీ పడిపోతుంది, చివరికి పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్లు మారుస్తారు! కొత్త సెన్సార్ పెట్టినా పాత కనెక్టరే ఉంటే ఏం మారదు.

ఎర్త్ సంగతి ఇంతకంటే ముఖ్యం. ఇనుప బాడీ ఉన్న కారులో బాడీయే ఎర్త్. 1953లో మొదలైన దగ్గర్నుంచీ కార్వెట్ బాడీ ఫైబర్‌గ్లాస్, అది కరెంటు తీసుకెళ్లదు, అందుకే లైటు నుంచి ఫ్యాన్ దాకా ప్రతిదానికీ ఛాసిస్‌కో, ఇంజిన్‌కో విడిగా వైరు లాగాలి. ఆ వైర్లు కలిసే బోల్టు ఒక్కటి వదులైతే సంబంధం లేని నాలుగు చోట్ల నాలుగు రకాల రోగాలు కనిపిస్తాయి.

దీన్ని ఓమ్స్‌లో చూసి వదిలేయకండి. 19 పోగుల వైరులో 18 తెగిపోయినా మీటర్ బాగుందనే అంటుంది, కరెంటు పారినప్పుడే అసలు రంగు బయటపడుతుంది. అందుకే ఇంజిన్ నడుస్తుండగా, హెడ్‌లైట్లు, బ్లోయర్ వేసి, మీటర్ వోల్ట్స్‌లో పెట్టి, నల్ల ప్రోబ్ బ్యాటరీ నెగటివ్ పోస్టు మీద (క్లాంప్ మీద కాదు, సీసపు పోస్టు మీదే), ఎర్ర ప్రోబ్ కంప్యూటర్ ఎర్త్ పిన్ మీద ఆనించండి. 0.1 వోల్టు లోపు ఉంటే సరే. అర వోల్టు కనిపిస్తే ఇంకెక్కడా వెతకకుండా ముందు అదే పట్టుకోండి. పొగ గొట్టంలోని ఆక్సిజన్ సెన్సార్ ఇచ్చే సిగ్నల్ మొత్తం కలిపినా ఒక వోల్టే, దానిలో 0.45 దగ్గర కంప్యూటర్ గీత గీసుకుని పెట్రోలు ఎక్కువా తక్కువా అని తేల్చుకుంటుంది, ఎర్త్‌లోనే అర వోల్టు మింగేస్తే ఆ లెక్క నిలుస్తుందా? అన్నట్టు, పాత బల్బు టెస్ట్ ల్యాంప్ కంప్యూటర్ వైర్ల మీద పెట్టకండి, అది లాగే కరెంటుకి లోపలి సర్క్యూట్ దెబ్బతినొచ్చు.

వేడెక్కితే ఆగి, చల్లారితే స్టార్టయ్యే రకానికి పోర్షే 944 మంచి ఉదాహరణ. అందులో డీఎంఈ రిలే అని చిన్న పెట్టె ఉంటుంది, కంప్యూటర్‌కీ పెట్రోలు పంపుకీ కరెంటు ఇచ్చేది అదే. మూత తీసి భూతద్దంతో చూస్తే టంకం చుక్క చుట్టూ వెంట్రుక మందాన గుండ్రటి పగులు కనిపిస్తుంది. వేడికి విచ్చుకుంటుంది, చల్లారితే మళ్లీ అతుక్కుంటుంది. మళ్లీ టంకం పెట్టినా, రిలే మార్చినా సరిపోయే పని.

కంప్యూటర్ అసలు చెడదని నేననడం లేదు. 90ల నాటి జపాన్ కార్ల కంప్యూటర్లలో కెపాసిటర్లు కారి బోర్డును తినేస్తాయి, మూత తీయగానే చేపల వాసన లాంటిది వస్తుంది. బ్యాటరీ, ఎర్త్, కనెక్టర్లు, రిలేలు అన్నీ చూశాకే ఆ మూత తీయండి. కెపాసిటర్లు మార్చితే చాలాసార్లు అదే పెట్టె పనికొస్తుంది. ఒకవేళ మార్చాల్సే వస్తే, కార్వెట్ లాంటి వాటిలో ఆ కారుకి సరిపడే లెక్కలన్నీ ఉన్న చిన్న చిప్‌ని పాత పెట్టెలోంచి తీసి కొత్తదానిలో పెట్టాలి, కాబట్టి పాతది ఎవరి చేతికైనా ఇచ్చే ముందు ఆ చిప్ మీ దగ్గర ఉందో లేదో చూసుకోండి.