కోర్టు గది ఒక్కటే చాలదు
ప్రత్యేక కోర్టులు పెడితే తీవ్ర నేరాల కేసుల్లో జాప్యం పోతుందని ఈమధ్య ఒక వ్యాసంలో రాశారు. ఆ మాటతో ఏకీభవించలేను. అప్పటి గుంటూరు జిల్లా చుండూరులో 1991 ఆగస్టులో ఎనిమిది మంది దళితులను చంపారు. ఆ ఊళ్లోనే ప్రత్యేక కోర్టు పెట్టినా తీర్పు 2007లో గానీ రాలేదు. 21 మందికి యావజ్జీవం పడింది. 2014లో హైకోర్టు, ప్రాసిక్యూషన్ నేరం రుజువు చేయలేదంటూ శిక్షలన్నీ కొట్టేసింది. తొలి రోజుల్లో పోలీసు దర్యాప్తులో పంచనామా, వాంగ్మూలాలు పకడ్బందీగా లేకపోతే, పదేళ్లు దాటాక బోనెక్కిన సాక్షిని ఎవరి చేతిలో ఏ ఆయుధం ఉందని అడిగితే ఏం చెబుతాడు? (డిఫెన్సు లాయరు వదలకుండా అడిగేది అదే.) దర్యాప్తును శాంతిభద్రతల విధుల నుంచి వేరు చేయమని సుప్రీంకోర్టు 2006లోనే ఆదేశించింది. మా మండలంలో మాత్రం జాతర బందోబస్తుకూ, హత్య కేసు డైరీకీ ఇప్పటికీ ఒకే ఎస్సై.