పాత కంప్యూటర్ అప్పుడే మార్చక్కర్లేదు
2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి సపోర్ట్, అంటే మామూలుగా వచ్చే సెక్యూరిటీ అప్‌డేట్లు, ఆగిపోయింది కాబట్టి పాత కంప్యూటర్ తీసేసి కొత్తది కొనుక్కోమని ఒక వ్యాసంలో రాశారు. అంత తొందరెందుకండీ? మా కావలిలో పెళ్లిపత్రికలు, కరపత్రాలు చేసిచ్చే డీటీపీ షాపుల్లో చాలా మెషీన్లకు విండోస్ 11 ఎక్కదు. ప్రాసెసర్ పాతదై ఉంటుంది, లేదంటే విండోస్ 11 అడిగే టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్ ఉండదు. పనికి మాత్రం ఏ ఢోకా లేదు. తెలుగు టైపింగ్‌కి వాడే అను ఫాంట్లు, పేజీలు కూర్చే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్ వాటిలో దివ్యంగా నడుస్తున్నాయి. కొత్త మెషీన్‌లో వాటిని మళ్లీ కుదర్చాలంటే తల ప్రాణం తోకకొస్తుంది. విండోస్ 10లో చివరిదైన 22హెచ్2 వెర్షన్ ఉంటే, సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్ పేజీలోనే అదనపు సెక్యూరిటీ అప్‌డేట్లకు ఎన్‌రోల్ అయ్యే లింక్ ఇస్తున్నారు. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయి సెట్టింగ్స్ బ్యాకప్ ఆన్ చేస్తే పైసా ఖర్చు లేకుండా 2026 అక్టోబర్ 13 దాకా వస్తాయి. అసలు చెప్పాల్సిన ఈ ముక్కే ఆ వ్యాసంలో లేదు. ఇక స్లో అంటారా, పాత హార్డ్‌డిస్క్ తీయించి, దానికంటే చాలా వేగంగా పనిచేసే ఎస్‌ఎస్‌డీ డ్రైవ్ వేయించండి. పొద్దున ఆన్ చేసి టీ తాగి వస్తేగానీ తెరుచుకోని మా షాపు మెషీన్, ఇప్పుడు కుర్చీ లాక్కునేలోపే రెడీ. బ్యాంకు పనులు మాత్రం దాంట్లో పెట్టుకోను, వాటికి ఫోన్ ఉంది.