ఆ పదిహేను మిల్లీలీటర్లు ఎటు పోయినట్టు?

క్వార్టర్ అంటే 180 మిల్లీలీటర్లు. హాఫ్ అంటే 375. రెండు క్వార్టర్లు కలిపితే 360. మిగతా 15 ఎటు పోయినట్టు? ఇన్ని ప్రభుత్వాలు వచ్చి పోయాయి, దీనికి జవాబు చెప్పిన నాథుడు లేడు. ఉలవపాడు దాటి సముద్రం వైపు పోతే తగిలే ఒక ఊళ్ళో, బ్రాందీ షాపు వెనక సరుగుడు కర్రల మీద నీలం పట్ట కప్పిన షెడ్డులో, ఈ విషయం మీద రోజూ పొద్దుగూకగానే సమావేశం జరుగుతుంది. మొన్న నేనూ హాజరయ్యాను, పరిశీలకుడి హోదాలో. నా ముందున్నది సోడా. ఈ వ్యాసం మా ఇంట్లోవాళ్ళు కూడా చదువుతారు కాబట్టి ఈ సంగతి ముందే రాసి పెడుతున్నాను.

షాపు బోర్డు మీద 'వైన్స్' అని ఉంటుంది. అక్కడ వైన్ అడిగినవాణ్ణి ఊళ్ళో ఎవరూ చూడలేదు. అడిగితే మాత్రం ఆస్పత్రికి తీసుకుపోతారు.

సమావేశానికి పడవాయన అధ్యక్షత వహిస్తాడు. ఎవరూ ఎన్నుకోలేదు, గొంతు పెద్దది అంతే. అలల మీద అరిచి అరిచి వచ్చిన గొంతు. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, అంటే 61 రోజులు, మరపడవల మీద వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టుకునే కాలం కదా. ఆ రోజులకు మత్స్యకార కుటుంబానికి ప్రభుత్వం 2025 నుంచి 20,000 రూపాయలు ఇస్తోంది. పడవాయన ఈ మొత్తాన్ని వేళ్ళ మీదే భాగించేశాడు.

"రోజుకు 327 రూపాయల చిల్లర పడతాది. క్వార్టర్ 99. మూడు క్వార్టర్లు 297. ఇంకేం మిగిలింది?"

"ముప్పై" అంది సభ ఒక్క గొంతుతో.

"మూడు గుడ్లు! చూసినారా, సరిగ్గా సరిపోయింది. ఆర్థిక శాఖలో మనోడెవడో ఉండాడు."

ఇంట్లో బియ్యం సంగతి ఈ పద్దులోకి రాలేదు. ఎవరూ అడగలేదు కూడా. పరిశీలకుడు మధ్యలో మాట్లాడకూడదని నేనూ ఊరుకున్నాను.

పక్క కుర్చీలో రొయ్యల చెరువు రైతు. ఈయనది ఇంకో రకం గణితం. కేజీకి ఎన్ని రొయ్యలు తూగితే అది కౌంటు. నలభై తూగితే నలభై కౌంటు. అంకె తగ్గేకొద్దీ రొయ్య పెద్దది, ధరా పెద్దది. గట్టు మీద నలభై కౌంటు ఉన్న సరుకు కొనేవాడి కాటా ఎక్కేసరికి నలభై ఐదు అవుతుందని ఈయన బాధ. దూరం నాలుగు అడుగులు, ఆ నాలుగు అడుగుల్లోనే రొయ్య చిక్కిపోతుంది. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతానికి పెంచిన దగ్గర్నుంచీ ఈయన ట్రంపుని 'వాడు' అనే అంటున్నాడు. బంధువుల్లో గిట్టనివాళ్ళని మాత్రమే అలా అంటాడట.

ఇంతలో కరెంటు పోయింది. చీకట్లో అందరి చేతులూ గ్లాసుల మీదికి పోయాయి. రైతు చెయ్యి మాత్రం ఫోను మీదికి పోయింది.

"రేయ్, జనరేటర్ వెయ్! ఏరియేటర్లు ఆగిపోయుంటాయి. నిద్రపోతుండావా?"

ఆ ఫోను వెలుగులో ఆయన మొహం చూశాను. తాగినవాడి మొహం కాదు. చెరువులో ఆక్సిజన్ పడిపోతే తెల్లారేసరికి సరుకంతా తేలుతుంది. అవతలి నుంచి జనరేటర్ చప్పుడు వినపడేదాకా ఫోను చెవి దగ్గర్నుంచి తియ్యలేదు. వినపడ్డాక ఒక్క గుక్కలో గ్లాసు ఖాళీ చేసి, "ఆ, ఆ పదిహేను సంగతి ఏమైంది?" అన్నాడు.

మూల కూర్చునే పెద్దాయన ఇలాంటి చిన్న అంకెల జోలికి రాడు. ఆయన పుట్టినప్పుడు ఈ ఊరు నెల్లూరు జిల్లా. 1970లో ఒంగోలు జిల్లా అన్నారు, 1972లో దానికే ప్రకాశం అని పేరు పెట్టారు. 2022లో మళ్ళీ నెల్లూరు అన్నారు, 2025 ఆఖర్లో తిరిగి ప్రకాశం అన్నారు. ఈయన మాత్రం ఇంటి అరుగు దిగింది లేదు. ఇంకోసారి మారుస్తారేమో అని ఎవరో కదిలిస్తే, "ఈ తూరి ముందుగా చెప్పమనబ్బాయ్, సంచి సర్దుకుంటా" అన్నాడు.

చివరికి తీర్మానం తయారైంది. గల్లంతైన మద్యంపై తూనికలు కొలతల శాఖ వెంటనే విచారణ జరపాలి, విచారణాధికారి ఈ షెడ్డుకే రావాలి, వచ్చేటప్పుడు నమూనాలు తేవాలి. మూడో అంశానికి మాత్రం చప్పట్లు కొట్టారు.

గుమ్మం దగ్గర పొయ్యి పెట్టుకుని ఉడికిన గుడ్లు, వేయించిన నెత్తళ్ళు అమ్మే అత్త ఇదంతా వింటూనే ఉంది. ఆమె పుట్టిల్లు కలిగిరి వైపు. దూబగుంట ఆ మండలంలోదే. 1992లో అక్కడ ఆడవాళ్ళు సారా అంగడి మూయించారు. రాత్రి బడుల్లో అక్షరాలు నేర్చుకున్నవాళ్ళే ముందు నడిచారు. 1993లో సారా పోయింది, 1995లో మద్యమంతా పోయింది, 1997లో సారా తప్ప మిగతాదంతా తిరిగొచ్చింది. అత్తకి ఆ రాత్రి బడి నుంచి మిగిలింది చదువొక్కటే. దాంతో ఇప్పుడు అప్పుల పద్దు రాస్తోంది. మసి అంటిన నలభై పేజీల నోటుపుస్తకం, పెన్సిల్‌కి దారం కట్టి.

"పదిహేను యాడ పోయిందో నాకు తెలవదు గానీ, ఆదివారం నుంచీ నీది మూడొందల నలభై ఉండాది. ముందది తియ్" అంది పడవాయనతో. అధ్యక్షుల వారు సభను వాయిదా వేశారు.

నేనూ లేచి నా పద్దు చూపించమన్నాను. గుండ్రంటి అక్షరాలు, ఒక్క కొట్టివేత లేదు. 'పేపరాయన: సోడాలు 2, గుడ్లు 3, గ్లాసులు 2.'

"గ్లాసులు ఎందుకు రాశావత్తా? నేను తాగింది సోడా కదా?"

"సోడా సీసాతోనే తాగుతారు గదయ్యా" అంది, పుస్తకం మూస్తూ.

ఈ పద్దు మీద నాకు తీవ్రమైన అభ్యంతరం ఉంది. రేపటి సమావేశంలో లేవనెత్తుతాను.