రిజల్ట్ వచ్చేదాకా చెయ్యమని పిల్లలకు చెప్పకండి

"ఇండస్ట్రీలో కెమిస్ట్‌గా స్థిరపడటానికి 7 రహస్యాలు" అని ఒక మెసేజ్ తిరుగుతోంది. కెమిస్ట్రీ చదివే పిల్లలున్న ప్రతి గ్రూపులోనూ కనిపిస్తోంది. నాకు పంపినవాళ్లలో ఇదే ఫీల్డ్‌లో పనిచేస్తున్న స్నేహితులు కూడా ఉన్నారు, వాళ్లయినా చదివి పంపుంటే బాగుండేది. మొదట్లో పోనీలే అని వదిలేశాను. కానీ దాని కింద ఫైనలియర్ పిల్లలు "థాంక్యూ సార్, చాలా ఉపయోగపడింది" అని రాస్తుంటే ఊరుకోబుద్ధి కాలేదు. అందుకే ఇది రాస్తున్నాను, వాళ్లిచ్చిన వరసలో కాకుండా నాకు వీలైన వరసలో.

"80 శాతం మార్కులుంటే చాలు, మిగతాదంతా కంపెనీయే నేర్పుతుంది." మార్కులు ఇంటర్వ్యూ గది గుమ్మందాకా తీసుకొస్తాయి, లోపల మొదటి ప్రశ్నతోనే వాటి పని అయిపోతుంది. "ఇంగ్లిష్ దంచేస్తే సగం ఉద్యోగం వచ్చినట్టే." రాదు. చేసిన పని ఏమిటో, ఏం వచ్చిందో, ఏం రాలేదో నాలుగు వాక్యాల్లో ఎదుటివాడికి అర్థమయ్యేలా రాయగలిగితే చాలు.

"పీహెచ్‌డీ లేకపోతే ఇండస్ట్రీలో కింద మెట్టు మీదే ఉండిపోతారు." కొత్త మందులు కనిపెట్టే రీసెర్చ్ టీముకు నాయకత్వం వహించాలంటే పీహెచ్‌డీ అడుగుతారు, నిజమే. కానీ ఇండస్ట్రీ అంటే అదొక్కటే కాదు. ప్రాసెస్, అనలిటికల్, క్వాలిటీ, ప్రొడక్షన్, రెగ్యులేటరీ, వీటన్నిటిలో డిగ్రీతో, పీజీతో చేరి డిపార్ట్‌మెంట్లు నడుపుతున్నవాళ్లు కావలసినంతమంది. 2002లో కెమిస్ట్రీ నోబెల్ పంచుకున్న కొయిచి తనాకా అప్పటికి షిమాడ్జు కంపెనీలో ఇంజనీరు, ఆయన చదివింది బ్యాచిలర్ డిగ్రీ. ఈ పాయింట్ ఇక్కడితో వదిలేద్దాం.

"థియరీ మరిచిపోండి, హెచ్‌పీఎల్‌సీ నడపడం వస్తే చాలు, మెషీనే అన్నీ చెబుతుంది." హెచ్‌పీఎల్‌సీ అంటే శాంపిల్‌లోని పదార్థాలను విడదీసి కొలిచే మెషీన్. అది ఒక నంబరు ఇస్తుంది, అంతే. నిన్న ఆరు నిమిషాలకు వచ్చిన పీక్ (గ్రాఫ్‌లో ఒక పదార్థాన్ని చూపే శిఖరం) ఇవాళ ఐదున్నరకే ఎందుకొచ్చిందో అది చెప్పదు. మీ కాంపౌండ్ పీకేఏ (అందులో సగం అయాన్‌గా ఉండే పీహెచ్) దగ్గర్లోనే, మెషీన్‌లో నడిపే బఫర్ ద్రావణం పీహెచ్ పెట్టుకుంటే, పీహెచ్ 0.1 అటూఇటూ అయినా అయాన్ రూపంలో ఉన్న భాగం మారుతుంది, దాంతో పీక్ కదులుతుంది. డిగ్రీలో పరీక్ష కోసం బట్టీపట్టి వదిలేసిన, ఈ పీహెచ్-పీకేఏ లెక్క చెప్పే హెండర్సన్-హాసెల్‌బాల్క్ సమీకరణం సరిగ్గా ఇక్కడే అవసరమవుతుంది. పంపు ప్రెషర్ ఉన్నట్టుండి పెరిగిందనుకోండి. ఫాస్ఫేట్ బఫర్‌లో అసిటోనైట్రైల్ అనే సాల్వెంట్ పాళ్లు బాగా పెంచితే ఉప్పు కరగకుండా గింజకట్టి లైన్లు మూసుకుపోతాయని తెలిసినవాడు గంటలో తేలుస్తాడు, తెలియనివాడు సర్వీస్ ఇంజనీరు కోసం రెండు రోజులు కూర్చుంటాడు. బటన్లు నొక్కడం ఎవరికైనా వారంలో వస్తుంది. దానికి డిగ్రీ ఎందుకు?

"స్కేల్-అప్, సేఫ్టీ ఇంజనీర్ల గొడవ, కెమిస్ట్ పట్టించుకోనక్కర్లేదు" అన్నది చదివినప్పుడు మాత్రం భయమేసింది. స్కేల్-అప్ అంటే ల్యాబ్‌లో చిన్నగా చేసినదాన్ని పెద్ద ఎత్తున చేయడం. లీటరు ఫ్లాస్కులో చేసిన రియాక్షన్ వెయ్యి లీటర్ల రియాక్టర్‌కి వెళితే వేడి వెయ్యి రెట్లు పుడుతుంది, దాన్ని లాగేసే జాకెట్ (రియాక్టర్ చుట్టూ ఉండే చల్లబరిచే తొడుగు) వైశాల్యం మాత్రం దాదాపు వంద రెట్లే పెరుగుతుంది. ఫ్లాస్కులో ఐస్ బాత్ పెడితే సరిపోయింది కదా అనుకోవడం అక్కడ చెల్లదు. 2007 డిసెంబర్ 19న ఫ్లోరిడాలోని జాక్సన్‌విల్‌లో టీ2 ల్యాబొరేటరీస్ అనే చిన్న కంపెనీలో రియాక్టర్ పేలి నలుగురు చనిపోయారు, 32 మంది గాయపడ్డారు. కూలింగ్ ఆగిపోయి రియాక్షన్ అదుపు తప్పింది. వేడి ఇంకా పెరిగితే సోడియం, సాల్వెంట్‌తో మరో రియాక్షన్ మొదలుపెడుతుందన్న సంగతి అక్కడివాళ్లు పసిగట్టలేదు. ఆ కంపెనీ యజమానులు ఎవరనుకుంటున్నారు? ఒకరు కెమిస్టు, ఒకరు కెమికల్ ఇంజనీరు. దర్యాప్తు చేసిన అమెరికా కెమికల్ సేఫ్టీ బోర్డు, ఇలాంటి ప్రమాదాల గురించి కెమికల్ ఇంజనీరింగ్ డిగ్రీలోనే చెప్పాలని సిఫార్సు చేసింది. ఈ రియాక్షన్ ఎంత వేడి ఇస్తుంది, కూలింగ్ ఆగితే ఉష్ణోగ్రత ఎక్కడిదాకా వెళుతుంది, అక్కడ ఇంకేం మొదలవుతుంది, ఈ మూడు ప్రశ్నలు వేయాల్సిన మొదటి మనిషి ఆ రియాక్షన్ తయారుచేసిన కెమిస్టే.

ఇప్పుడు మూడో పాయింట్. అసలు ఇదంతా రాయడానికి కారణం ఇదే. మెసేజ్‌లో ఉన్నది ఉన్నట్టు ఇస్తున్నాను: "ల్యాబ్ నోట్‌బుక్ గుమాస్తా పని. పగలంతా రఫ్ పేపర్ మీద రాసుకుని సాయంత్రం ఫెయిర్ చేసుకోండి. రిజల్ట్ లిమిట్‌లో రాకపోతే వచ్చేదాకా మళ్ళీ చేయండి, మంచిది ఉంచండి. తెలివైన కెమిస్ట్ లక్షణం ఇదే."

ఇది తెలివి కాదు, మోసం. మెత్తగా చెప్పే ఓపిక నాకు లేదు.

ముందు లెక్క చూడండి. ఒక బ్యాచ్ నిజంగానే బాగాలేదు, ఒక్కో టెస్టులో అది పొరపాటున పాస్ అయ్యే అవకాశం ఐదింట ఒకటి అనుకుందాం. ఐదుసార్లు చేస్తే కనీసం ఒక్కసారైనా పాస్ అయ్యే అవకాశం ఎంత? 67 శాతం. అంటే ఓపిగ్గా చేస్తూ పోతే చెడ్డ బ్యాచ్‌లలో ఎక్కువ భాగాన్ని మీరే బయటికి పంపుతారు. ఆ టెస్టు ఉన్నదే వాటిని ఆపడానికి. ఆ బ్యాచ్ మాత్ర కావచ్చు, బ్రేకులో వేసే ఫ్లూయిడ్ కావచ్చు, నీళ్లు శుభ్రంచేసే కెమికల్ కావచ్చు. వాడేవాళ్లకు మీ నాలుగు ఫెయిల్ రిజల్టులు ఎలా తెలుస్తాయి?

ఇది నేను కొత్తగా పెడుతున్న నీతి కాదు. లిమిట్ దాటిన రిజల్టును కారణం తేల్చకుండా పక్కనపెట్టి, పాస్ అయ్యేదాకా టెస్టు చేయడం కుదరదని 1993లోనే అమెరికాలో బార్ ల్యాబొరేటరీస్ అనే మందుల కంపెనీ కేసులో ఫెడరల్ కోర్టు చెప్పింది. 1997లో ఎలక్ట్రానిక్ రికార్డుల మీద 21 సీఎఫ్ఆర్ పార్ట్ 11 అనే అమెరికా ప్రభుత్వ నియమం వచ్చింది. మీరు డిలీట్ చేశాననుకున్న ఇంజెక్షన్ (మెషీన్‌లోకి శాంపిల్ ఎక్కించిన రికార్డు), మార్చిన ఇంటిగ్రేషన్ (పీక్ వైశాల్యం లెక్క), ఏ లాగిన్‌తో ఎన్ని గంటలకు జరిగిందో కంప్యూటర్ దానంతటదే రాసిపెట్టుకునే ఆడిట్ ట్రయల్‌లో ఉంటుంది. ఇన్‌స్పెక్టర్ వచ్చి మొదట తెరిచేవాటిలో అదొకటి. అప్పుడు దొరికేది ఈ మెసేజ్ రాసినాయన కాదు, చేరి ఆర్నెల్లయిన మీరు.

మళ్ళీ టెస్టు చేయడమే తప్పని నేననడం లేదు. లిమిట్ దాటిందంటే వెంటనే చేయకూడని పని ఫ్లాస్కులు కడిగేయడం. అదే సొల్యూషన్‌ని మళ్ళీ ఇంజెక్ట్ చేసి చూడాలి, డైల్యూషన్ ఎలా చేశారో చూడాలి, స్టాండర్డ్ తూకం ప్రింటవుట్ చూడాలి. ల్యాబ్‌లోనే తప్పు జరిగిందని ఆధారంతో తేలితే ఆ కారణం రాసి, సంతకం పెట్టి, అప్పుడు మళ్ళీ చేయాలి. తేలకపోతే మొదటి రిజల్ట్ నిలబడుతుంది, విచారణ ప్రొడక్షన్‌దాకా వెళుతుంది. ఏది ఏమైనా మొదటి నంబరు కాగితం మీద ఉండి తీరాలి.

"సాయంత్రం ఫెయిర్ చేసుకోండి" అన్నారు కదా, అసలు జబ్బు అక్కడే మొదలవుతుంది. ఎవరు చేశారో తెలియాలి, చదవడానికి వీలుగా ఉండాలి, చేసినప్పుడే రాయాలి, మొదట రాసినదే ఉండాలి, నిజమై ఉండాలి. ఫార్మాలో ఆల్కోవా (ఐదు ఇంగ్లిష్ మాటల మొదటి అక్షరాలు) అనేది ఈ ఐదింటినే. ఫెయిర్ కాపీ వీటిలో మూడోదాన్నీ నాలుగోదాన్నీ ఒక్క దెబ్బకు చంపేస్తుంది. తప్పు రాశారా, ఒక్క గీత కొట్టండి, కిందిది కనపడాలి, పక్కన సరైనది, సంతకం, తేదీ, కారణం. కొట్టివేతలున్న పేజీని చూసి పని తెలిసిన ఏ మేనేజరూ తిట్టడు. పది గంటలకు తూచినదీ, రెండింటికి ఫిల్టర్ చేసినదీ, ఐదింటికి ఆరబెట్టినదీ ఒకే ఊపులో, ఒకే ఇంకుతో, ఒక్క కొట్టివేత లేకుండా ఉన్న పేజీని చూస్తేనే మాకు అనుమానం.

పైగా అనుకున్నది రాకపోవడంలోనే ఒక్కోసారి అసలు విషయం ఉంటుంది. 1938 ఏప్రిల్ 6న డ్యూపాంట్‌లో రాయ్ ప్లంకెట్ సిలిండర్ వాల్వ్ తెరిస్తే టెట్రాఫ్లోరోఎథిలీన్ గ్యాస్ రాలేదు. తూకం చూస్తే మాత్రం సిలిండర్ ఖాళీ కాలేదు. ఇంకో సిలిండర్ తెచ్చుకుని పని కానిచ్చేయవచ్చు, మెసేజ్ ప్రకారం తెలివైనవాడు చేసేది అదే. ఆయనా, ఆయన సహాయకుడూ దాన్ని కోయించి చూశారు, లోపల తెల్లటి పొడి ఉంది. అదే టెఫ్లాన్. తూకం నంబరును నమ్మారు కాబట్టి దొరికింది.

ఇక చివరిది: "కాలేజీ ప్రాక్టికల్స్ ఇండస్ట్రీకి పనికిరావు." దీన్ని మాత్రం ఒప్పుకుంటాను, మెసేజ్ రాసినాయన కంటే గట్టిగానే ఒప్పుకుంటాను. ఇప్పుడు జరుగుతున్న పద్ధతిలో అయితే పనికిరాకపోవడమే కాదు, చెడగొడుతున్నాయి కూడా. ఎంత రావాలో ముందే సీనియర్ల రికార్డులో ఉంటుంది. టైట్రేషన్‌లో 24.6 మి.లీ. వచ్చినవాడు దాన్ని 24.3 చేసి చూపిస్తే ఫుల్ మార్కులు, నిజం రాసినవాడికి కోత. మూడో పాయింట్‌లో ఉన్న బుద్ధి ఇండస్ట్రీలో పుట్టలేదు, మూడేళ్లు ఆ బల్లల దగ్గర నేర్చుకుని వస్తున్నదే.

మాస్టార్లు మారేదాకా ఆగక్కర్లేదు. మీ స్నేహితుణ్ని ఎంతో చెప్పకుండా తూచి సొల్యూషన్ చేసిమ్మనండి, మీరు టైట్రేట్ చేయండి, తర్వాత ఇద్దరి నంబర్లూ పక్కపక్కన పెట్టండి. కుట్టిన నోట్‌బుక్‌లో, పెన్నుతో, బ్యూరెట్ మొదటి రీడింగుతో సహా అక్కడికక్కడే రాయండి. తేడా వస్తే ఎందుకొచ్చిందో వెతకండి. కొళాయి కింద గాలి బుడగ ఉండిపోయిందా, గరాటు తీయకుండా వదిలేశారా, చివర్లో వచ్చిన గులాబీ రంగు నిలిచిందా లేక వెలిసిపోయిందా. దొరికితే అదీ పక్కనే రాయండి. దొరక్కపోతే దొరకలేదని రాయండి. ఇంటర్వ్యూకి వచ్చేటప్పుడు ఆ నోట్‌బుక్ పట్టుకురండి, నేనైతే సర్టిఫికెట్ల ఫైలు కంటే ముందు అదే అడిగి చూస్తాను.