గోల్ పడ్డాక కెమెరా దించకండి

శనివారం పొద్దున ఆరున్నర, కెనడాలోని బ్రాంప్టన్‌లో ఒక ఐస్ రింక్. అద్దానికి అవతల ఐస్ హాకీ ఆడుతున్న పదేళ్ల పిల్లలు. ఇవతల ఒక చేత్తో టిమ్ హార్టన్స్ కాఫీ, ఇంకో చేత్తో ఫోను పట్టుకుని మనలాంటి అమ్మానాన్నలు. గోల్ పడుతుంది. కేకలు. అందరి ఫోన్లూ ఒక్కసారిగా కిందికి దిగిపోతాయి, చప్పట్లు కొట్టాలి కదా మరి. నా గొడవంతా ఆ దించేయడం గురించే.

ముందే ఒప్పేసుకుంటాను, ఈ విషయంలో నాకు పక్షపాతం ఉంది. మా అమ్మాయి గోలీ, అంటే గోల్ దగ్గర కాపలా ఉండే గోల్‌కీపర్. సీజన్ ముగిసేసరికి తన ఫొటోలు వందల్లో పోగవుతాయి, కానీ అన్నీ వేరేవాళ్ల ఫోన్లలోనే. అన్నింట్లోనూ ఎవరో ఒక పిల్లాడు స్టిక్ ఊపుతుంటాడు, వాడి ముందు మసగ్గా కూలబడిన ఆకారం మా అమ్మాయి. వాళ్లను తప్పుపట్టను. మొదటి ఏడాది నేనూ అలాగే ఇతరుల పిల్లల్ని మసకబార్చాను.

అసలు గోల్ పడే క్షణం ఫొటోకి అంత అనుకూలం కాదు. పక్ అంటే మూడంగుళాల వెడల్పు, అంగుళం మందం ఉన్న రబ్బరు బిళ్ల. నెట్ ముందు పదిమంది కాళ్లు, కర్రలు కలగాపులగం అయినప్పుడు అది ఏ ప్యాడ్ కింద ఉందో రిఫరీకే సరిగ్గా కనపడదు. కళ్లతో చూసి బటన్ నొక్కేసరికి అంతా అయిపోయి ఉంటుంది. గ్రూపులో 'గోల్!!!' అని వచ్చే ఫొటోల్లో పక్ ఎక్కడుందో వెతకండి, మీకే తెలుస్తుంది.

హాకీలో అందరూ గుర్తుపెట్టుకున్న ఫొటో 1970 మే 10న బోస్టన్ గార్డెన్‌లో తీసింది. ఇక్కడి ప్రొఫెషనల్ హాకీలో అతిపెద్ద ట్రోఫీ స్టాన్లీ కప్ ఫైనల్, ఓవర్‌టైమ్ మొదలై 40 సెకన్లు. బోస్టన్ ఆటగాడు బాబీ ఓర్ గోల్ కొట్టి, ప్రత్యర్థి స్టిక్ తగిలి గాల్లో పక్షిలా సాగిపోతుంటాడు. అప్పటికి పక్ లోపలికి వెళ్లిపోయింది. ఆ ఫొటో తీసిన రే లూసియర్ కూర్చున్న స్టూలు కూడా ఆయనది కాదంటారు. ఇంకో ఫొటోగ్రాఫర్ బీరు కోసం లేచి వెళ్తే ఖాళీ అయిన స్టూలు అది. రెండేళ్ల తర్వాత, 1972 సెప్టెంబర్ 28న మాస్కోలో సోవియట్ జట్టు మీద కెనడా ఆటగాడు పాల్ హెండర్సన్ ఆఖరి నిమిషంలో గోల్ కొట్టినప్పుడు టొరంటో స్టార్ ఫొటోగ్రాఫర్ ఫ్రాంక్ లెనన్ తీసింది ఈ దేశంలో ఇంటింటికీ తెలిసిన ఫొటో. అదీ గోల్ ఫొటో కాదు. చేతులెత్తిన హెండర్సన్‌ని తోటి ఆటగాడు వాటేసుకున్న ఫొటో. ఆ ఫొటోగ్రాఫర్లిద్దరూ కెమెరా దించనివాళ్లే.

ఓర్ ఫొటోలో వెనక గోలీ కూడా ఉంటాడు, ఎవరూ చూడరు. ఆయన గ్లెన్ హాల్. ఒక్కటీ వదలకుండా వరసగా 502 మ్యాచులు ఆడిన మనిషి, అదీ మాస్క్ లేకుండా. గోలీ తండ్రిని కాబట్టి నా కళ్లు ముందు అక్కడికే పోతాయి.

మా నాన్నకి తెనాలిలో స్టూడియో ఉండేది. రీలుకి 36 ఫొటోలు. తాళి కట్టేటప్పుడు చుట్టాలంతా ఎగబడేవాళ్లు, ఆయనా తీసేవాడు. మూడు ముళ్లూ పడి, అక్షింతలు వేసి జనం భోజనాలకు లేస్తుంటే మాత్రం ఆయన కదిలేవాడు కాదు. పెళ్లికూతురి తండ్రి కండువాతో కళ్లు తుడుచుకునేది అప్పుడేనని, దానికోసం మూడో నాలుగో దాచుకునేవాడు. మన ఫోన్లో రీలు గోల లేదు, అయినా మనకి ఓపిక లేదు.

ఇక అద్దం సంగతి. పెద్ద అరీనాల్లో ఫొటోగ్రాఫర్ల కోసం అద్దంలో లెన్సు పట్టేంత కంత వదులుతారు. మన రింకుల్లో ఉండేవి పక్ తగిలిన నల్ల మచ్చలూ గీతలూ. తడిబట్టతో అరచెయ్యంత చోటు తుడుచుకుని, అద్దానికి ఎదురుగా తిన్నగా తీయండి. ఏటవాలుగా తీస్తే బొమ్మ మసకబారుతుంది. లెన్సుకి రబ్బరు హుడ్ ఉంటే అద్దానికి ఆనించండి, కానీ నొక్కి పట్టుకోకండి. పిల్లలు వచ్చి గుద్దుకుంటే అద్దం ఊగుతుంది, కెమెరా వచ్చి మీ కనుబొమ్మకి తగులుతుంది. ఆ వాపు గురించి ఆఫీసులో రెండు వారాలు జవాబు చెప్పుకున్నాను. తెల్లటి మంచు చూసి కెమెరా మోసపోతుంది, మంచు బూడిదరంగులోకి, హెల్మెట్ లోపలి మొహం నలుపులోకి పోతాయి. అందుకని ఎక్స్‌పోజర్ ఒక స్టాప్ (అంటే వెలుతురు రెట్టింపు) పెంచండి. షట్టర్ స్పీడు 1/1000, అంటే సెకనులో వెయ్యో వంతు దగ్గర ఉంటే మంచిది. దానికోసం ఐఎస్ఓ (తక్కువ వెలుతురులో ఫొటోని ప్రకాశవంతం చేసే సెట్టింగు) 6400 దాకా వెళ్లినా బెంగ లేదు. ఫ్లాష్ మాత్రం వద్దే వద్దు. అద్దం మీంచి మీకే తిరిగొస్తుంది, పిల్లల కళ్లలోనూ పడుతుంది.

దీనికంటే ముఖ్యమైన మాట ఇంకోటి ఉంది. గోల్ తిన్న పిల్ల ఏడుస్తుంటే ఆ మొహం తీసి టీమ్ గ్రూపులో పెట్టకండి. కెమెరా దించొద్దంటున్నవాడు ఇదెలా అంటున్నాడని అడగొచ్చు. తీయండి, ఆ పిల్ల అమ్మకి విడిగా పంపండి. గ్రూపులో పెడితే సోమవారం స్కూల్లో ఆ ఫొటో తనకంటే ముందు క్లాసులో ఉంటుంది. మాకు ఒకసారి జరిగింది కాబట్టే చెప్తున్నా.

మా ఫ్రిజ్ మీద ఉన్న ఫొటో నేను తీసింది కాదు. జనవరిలో ఎదుటి జట్టు పిల్లాడు గోల్ కొట్టాడు. వాళ్లమ్మ కొడుకుని తీసి, కెమెరా దించకుండా ఇటు తిప్పింది. మా అమ్మాయి నెట్ మీదున్న సీసా అందుకుని, హెల్మెట్ పైకి నెట్టి, తలెత్తి నీళ్లు పోసుకుంటోంది. మూలగా వెనక ఆ పిల్లలంతా ఒకళ్ల మీద ఒకళ్లు పడి కేరింతలు కొడుతున్నారు, మసగ్గా. ఆవిడ మా కోచ్ నంబరు కనుక్కుని, ఆయన ద్వారా నాకు పంపింది.

అమ్మాయికి చూపించాను. చాలాసేపు చూసి, "నాన్నా, చూడు, ఎడం ప్యాడ్ పట్టీ ఊడిపోయింది. అందుకే వెళ్లింది ఆ గోల్" అంది.