పచ్చగీత ఖర్చు ఎవరిది?

మా అక్క ఫోను కొని రెండేళ్ల రెండు నెలలు. కింద పడలేదు, నీళ్లలో తడవలేదు. ఒకరోజు పొద్దున అప్‌డేట్ పూర్తయి ఫోను ఆన్ అయ్యేసరికి స్క్రీన్ మీద పైనుంచి కిందిదాకా సన్నటి పచ్చగీత. వారం తిరక్కుండానే పక్కన ఇంకో గీత. సర్వీస్ సెంటర్‌లో కుర్రాడు ఫోను అటూ ఇటూ తిప్పి చూసి, "వారంటీ అయిపోయిందండీ, డిస్‌ప్లే మార్చాలి, పద్నాలుగు వేలవుతుంది" అన్నాడు. ఎందుకొచ్చిందని అడిగితే, "ఈ మోడల్‌కి చాలామందికి వస్తోంది మేడమ్" అన్నాడు.

ఆ రెండో మాట దగ్గరే నేను ఆగిపోయాను. ఒకే మోడల్‌లో అంతమందికి ఒకే గీత వస్తుంటే దాన్ని వాడకం మీదికి నెట్టడం న్యాయం కాదు. బ్యాటరీ రెండు మూడేళ్లకు నీరసిస్తుంది, అది అరుగుదల. చేయిజారి గాజు పగిలితే ఆ ఖర్చు మనదే. ఇది వేరు. అమోలెడ్ స్క్రీన్ (ప్రతి చుక్కా తనంతట తానే వెలిగే రకం తెర) అంచున సిగ్నళ్లు మోసే పల్చటి రిబ్బన్ లాంటి పొర అతికించి ఉంటుంది. ఆ అతుకు దెబ్బతింటే చుక్కల నిలువు వరుస ఒకటి అదుపు తప్పి వెలుగుతూనే ఉంటుంది. అప్‌డేట్ వేళ ఫోను బాగా వేడెక్కుతుంది, బలహీనంగా ఉన్న అతుకు అప్పుడే బయటపడుతుందని రిపేరు చేసేవాళ్లు చెబుతారు.

కంపెనీలకు ఈ సంగతి తెలియనిదేం కాదు. వన్‌ప్లస్ 2024లో మన దేశంలో ఈ పచ్చగీత (గ్రీన్ లైన్) సమస్యకు లైఫ్‌టైమ్ వారంటీ ప్రకటించింది. అదే ఏడాది శాంసంగ్ కొన్ని గెలాక్సీ ఎస్ సిరీస్ ఫోన్లకు, కొని మూడేళ్లు దాటకపోతే, ఒకసారి ఉచితంగా స్క్రీన్ మారుస్తామంది. వారంటీ తేదీ శిలాశాసనం కాదని దీన్నిబట్టే తెలుస్తోంది. కాకపోతే ఈ వెసులుబాటు జనం ఏళ్లతరబడి గోల చేశాక వచ్చింది. అంతకుముందే జేబులోంచి డబ్బు కట్టినవాళ్లు ఎందరో.

చట్టం కూడా వారంటీ కార్డు దగ్గరే ఆగిపోదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం 'లోపం' అంటే కాగితం మీద రాసుకున్న హామీకి తగ్గడం ఒక్కటే కాదు, రాయకపోయినా ఉన్నట్టే భావించే హామీకి తగ్గినా లోపమే. ముప్పై వేలు పెట్టి కొన్న ఫోను తెర రెండేళ్లు దాటినా నిలవాలనుకోవడం అత్యాశేం కాదు. ఫిర్యాదుకు గడువు కారణం తలెత్తిన రోజునుంచి రెండేళ్లు. దాగి ఉన్న లోపమైతే అది బయటపడ్డ రోజునుంచే లెక్కించాలని వాదించే వీలుంది. వస్తువుకు చెల్లించిన ధర 5 లక్షల లోపు ఉంటే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫీజు కూడా లేదు.

చిక్కంతా రుజువు దగ్గరే. పరీక్ష చేస్తేగానీ లోపం తేలదనిపిస్తే కమిషన్ ఫోన్‌ను ల్యాబ్‌కు పంపుతుంది, ఆ ఖర్చు ముందు ఫిర్యాదుదారునే కట్టమనవచ్చు. పద్నాలుగు వేల కోసం ఎవరు ఇంత తిరుగుతారు? సామాన్యుడు వెనక్కి తగ్గేది ఇక్కడే.

అందుకే మొదటి రోజు చేసే పని ముఖ్యం. ఫోటోలు, కాంటాక్టులు బ్యాకప్ తీసుకుని, ఎక్కడా విప్పించకుండా ముందు కంపెనీ సర్వీస్ సెంటర్‌కే వెళ్లాలి. హైదరాబాద్ అబిడ్స్‌లోని జగదీశ్ మార్కెట్‌లో కాపీ కాంబో (కంపెనీది కాని డిస్‌ప్లే, టచ్ గాజు కలిసిన సెట్టు) చాలా తక్కువకే వేసిస్తారు. తెల్లారితే ఫోన్‌పే లేకుండా కొట్టు నడవని మనిషి అక్కడికి వెళితే నేను తప్పుపట్టను. కానీ ఒకసారి బయట విప్పాక, లోపం మొదటినుంచీ ఉందని చెప్పుకోవడానికి ఆధారం మిగలదు.

అక్క డబ్బు కట్టకుండా, ముందు జాబ్ షీట్ (సర్వీస్ సెంటర్ ఇచ్చే రిపేరు కాగితం) మీద కారణం రాసివ్వమని పట్టుబట్టింది. కుర్రాడు లోపలికెళ్లి మేనేజర్‌ని అడిగొచ్చి, 'డిస్‌ప్లేలో లైన్, బయట దెబ్బలు లేవు' అని రాశాడు. ఆ కాగితంతోనే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేశాం. కొన్ని రోజులకు కంపెనీ నుంచి ఫోన్ వచ్చింది, సగం ధరకు మారుస్తామన్నారు. అక్క ఒప్పుకుని ఏడు వేలు కట్టింది. ఆ ఏడు వేలు కూడా కట్టాల్సింది కాదని నేను ఇప్పటికీ అంటున్నాను.